సూసైడ్ బ్యాండ్ తొలి ఆల్బమ్ అంత గొప్పదంటారు, నాకేమో విసుగ్గా ఉంది. ఎలా వినాలి?

సింథసైజర్లతో పాప్ పాటలు చేసిన సాఫ్ట్ సెల్, డెపెష్ మోడ్ బ్యాండ్‌లు నచ్చి, వీళ్లకు ముందు ఎవరున్నారని వెతికితే అందరూ సూసైడ్ పేరే చెప్పారనీ, తీరా వింటే ఒకే ముక్కను తిప్పి తిప్పి వాయించినట్టుందనీ రాశారు. వాయించింది అలాగే, అందులో మీ పొరపాటేం లేదు. కాకపోతే మీరు సింథ్ వైపు చెవి పెట్టి వింటున్నట్టున్నారు. ఈ ఆల్బమ్‌లో కథంతా గొంతులో నడుస్తుంది.

నేను చాలాకాలం పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించాను. డ్రమ్స్ మనిషి రాకపోతే కీబోర్డులో ఉన్న రెడీమేడ్ రిథమ్ పెట్టుకుని నెట్టుకొచ్చేవాళ్లం. దాంతో టెన్షన్ ఏంటంటే, పాడేవాడు ఊపిరి కోసం ఆగినా, చరణం మర్చిపోయినా అది ఆగదు. మనిషైతే గాయకుడి మొహం చూసి సర్దుకుంటాడు. అందుకే ఫిల్-ఇన్ బటన్ నొక్కుతూ, టెంపో కాస్త అటూ ఇటూ జరుపుతూ, అక్కడున్నది యంత్రమని జనానికి తెలియకుండా ఉండటానికి నానా తంటాలు పడేవాళ్లం.

న్యూయార్క్‌లో సూసైడ్ ఇద్దరూ, అంటే పాడే అలన్ వేగా, వాయించే మార్టిన్ రెవ్, ఆ తంటా పడలేదు. రెవ్ వాడిన సీబర్గ్ రిథమ్ ప్రిన్స్ కూడా అలాంటి పెట్టే. ఇళ్లలో ఆర్గాన్ వాయించుకునేవాళ్లకు తాళం తోడుగా ఉంటుందని, జూక్‌బాక్సులకు పేరున్న కంపెనీ తయారుచేసింది. దాన్నలా వదిలేసి, పైన ఆర్గాన్ మీద ఒకటే ముక్క బరబరా మోగిస్తాడు రెవ్. గిటార్ లేదు, డ్రమ్మర్ లేడు. ఆ చప్పుడు గోడ ముందు నిలబడి వేగా ఎల్విస్ ప్రెస్లీలా వెక్కుతాడు, గొణుగుతాడు, ఉన్నట్టుండి కేక పెడతాడు. 1977లో ఈ రికార్డు వచ్చేనాటికి అతనికి 39 ఏళ్లు. పంక్ రాక్ కుర్రాడేం కాదు, అంతకుముందు నుంచే చిత్రకారుడు, శిల్పి.

ఇప్పుడు ఇందులోని 'ఫ్రాంకీ టియర్‌డ్రాప్' పాట సంగతి. పది నిమిషాలు దాటుతుంది. ఇరవై ఏళ్ల ఫ్యాక్టరీ కార్మికుడు, పెళ్లాం, చిన్న బిడ్డ, చాలని జీతం. చివరికి వాళ్లను చంపి తనూ చస్తాడు. వేగా ఆ కథను పాడడు, దాదాపు చెబుతాడు, మధ్యమధ్యలో గుండె ఆగేలా అరుస్తాడు. ఆ అరుపు వచ్చినప్పుడు రిథమ్ మారుతుందేమో గమనించండి. మారదు. అరవకముందు ఎలా కొట్టుకుందో తర్వాతా అలాగే కొట్టుకుంటుంది. ఫ్యాక్టరీ బతుకు గురించి ఏ మాటలూ చెప్పలేనిది నాకు అక్కడ వినిపించింది. ఆర్కెస్ట్రాలో మేం దాచిపెట్టిన లక్షణమే ఇక్కడ పాటకు ప్రాణం. అమెరికన్ రాక్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 1982 నాటి 'నెబ్రాస్కా' ఆల్బమ్‌లో 'స్టేట్ ట్రూపర్' చివర పెట్టే కేకలకు మూలం ఈ పాటే.

అప్పటి జనానికీ ఇది మింగుడుపడలేదు లెండి. 1978లో బ్రస్సెల్స్‌లో ఇంగ్లిష్ గాయకుడు ఎల్విస్ కాస్టెల్లో కచేరీకి ముందు వీళ్లు వాయిస్తే, గోలచేసి చివరికి వేగా చేతిలో మైకే లాక్కున్నారు. ఆ 23 నిమిషాల రికార్డింగ్ కూడా దొరుకుతుంది.

మీకు నచ్చిన సాఫ్ట్ సెల్‌తో పోల్చి చూడండి. పాడేవాడొకడు, యంత్రాల దగ్గర ఒకడు. 1981లో వాళ్లు పెద్ద హిట్ చేసిన 'టెయింటెడ్ లవ్' కూడా గుండెలు తెరిచి పాడే అరవైల నాటి సోల్ పాటే, మొదట పాడింది గ్లోరియా జోన్స్. అంటే ఈ రెండు బ్యాండ్‌లవాళ్లూ పాతకాలపు గాయకుడి ఆవేశాన్ని తెచ్చి చలనం లేని యంత్రం ముందు నిలబెట్టారు. సాఫ్ట్ సెల్ దాన్ని డాన్స్ ఫ్లోర్‌కు తీసుకెళ్లారు. సూసైడ్ చప్పుడులోని మొరటుతనం మాత్రం యంత్రాల మోతలాంటి శబ్దాలతో సంగీతం చేసే ఇండస్ట్రియల్ బ్యాండ్‌లకు అందింది.

ఉన్నవి ఏడు పాటలే, అన్నీ కలిపి అరగంట పైచిలుకు. వరుసలో వినకండి. ముందు 'షెరీ' వినండి, మెత్తటి ప్రేమపాట. తర్వాత 'గర్ల్', ఆపైన 'ఘోస్ట్ రైడర్'. ఇది మార్వెల్ కామిక్ హీరో మీద రెండున్నర నిమిషాల పాట, నా లెక్కలో ఆల్బమ్‌లో ఇదే నంబర్ వన్. 'ఫ్రాంకీ' ఆఖరున పెట్టుకోండి. మనసు బాగోలేని రోజైతే దాని జోలికే పోవద్దు. 'చే' నాకూ పెద్దగా ఎక్కలేదు.

ఇంతా చేసి ఆ మొరటు శబ్దమే ఇబ్బందైతే వీళ్ల 1980 ఆల్బమ్ చూడండి. 'ద కార్స్' బ్యాండ్ రిక్ ఒకాసెక్ ప్రొడ్యూస్ చేశాడు. శబ్దం శుభ్రంగా, సింథ్‌పాప్‌కు ఇంకా దగ్గరగా ఉంటుంది. నేను మాత్రం మొదటిదానికే ఓటేస్తాను.