ఇన్‌వర్డు నంబరు లేని ఉత్తర్వులు

ప్రశ్న: డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతూనే అకౌంట్స్ బర్సర్ (కాలేజీ జమాఖర్చులు చూసే) బాధ్యతా చూస్తున్నాను. లాక్‌డౌన్‌లో పెట్టిన వాట్సాప్ గ్రూపులు ఇప్పటికీ 14 ఉన్నాయి. రాత్రి 11కి కూడా ‘పొద్దుటికల్లా లెక్క పంపండి’ అని వస్తుంది. కరోనా పోయింది, ఈ బెడద పోదేం?
– ఒక అధ్యాపకుడు, పర్లాకిమిడి (ఒడిశా)

జవాబు: పని పెరిగిన మాట నిజమే, కానీ అసలు తంటా అది కాదు. 2020 మార్చికి ముందు ఏ కాగితమొచ్చినా ఇన్‌వర్డు రిజిస్టరులో నంబరు పడేది. బడబాబు (హెడ్ క్లర్కు) దాన్ని ఒక సెక్షనుకు రాసేవారు. ఎవరి పనో అక్కడే తేలిపోయేది. ఆఫీసు మూతపడ్డాక ఆ ఇన్‌వర్డు బల్ల ఫోనులోకి వచ్చింది గానీ నంబరూ, తేదీ, పేరూ దానితో రాలేదు. గ్రూపులో పడ్డ సందేశం చూసి పదిమందికీ దడ. పంపేది ఒక్కరు. ఒక్కోసారి ఇద్దరు, రెండు వేర్వేరు లెక్కలు!

ఆ ఏడాది చివరి సంవత్సరం పరీక్షలు గుర్తున్నాయా? ఒడిశా, మహారాష్ట్ర రెండూ వద్దనుకున్నాయి. సెప్టెంబరు ఆఖరులోగా జరపాల్సిందేనని యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) జూలై 6న చెప్పింది. ఆగస్టు 28న సుప్రీంకోర్టు యూజీసీ మాటే నిలబెట్టింది. ఏ పూట ఏ ఉత్తర్వు మారుతుందోనని ఫోను తలగడ పక్కన పెట్టుకోవడం అప్పుడు అలవాటైంది. అప్పుడు తప్పలేదు, ఇప్పుడు ఆ అవసరం లేదు.

మూడు గ్రూపులు చాలు: ఉత్తర్వులకొకటి, సెక్షన్ల బాధ్యులకొకటి, విద్యార్థులకొకటి. మొదటిదానిలో, మూడోదానిలో అడ్మిన్లే రాసేలా సెట్టింగు మార్చండి. మిగతావి మూసేముందు పీడీఎఫ్ ఉత్తర్వులను విడిగా కంప్యూటరులో దాచండి. చాట్ మొత్తాన్ని ఒకేసారి ఎగుమతి చేస్తే పరిమితి దాటిన పాతవి రావు.

తర్వాత, పాత రిజిస్టరునే మళ్లీ తెరవండి. ఉదయం 10:30కీ, మధ్యాహ్నం 3:30కీ ఒక గుమాస్తా గ్రూపు చూసి ఏడు గళ్లు నింపాలి: వరుస సంఖ్య, తేదీ, ఎవరు అడిగారు, ఏం అడిగారు, గడువు, ఎవరి పని, పంపిన తేదీ. రాత్రి వచ్చిన సందేశం పొద్దున నంబరు పడేదాకా ఎవరి పనీ కాదు. అడ్మిషన్ల చివరి రోజులకూ, పరీక్షలకూ మినహాయింపు ఉండాలి. అప్పుడు కూడా సందేశం కాదు, ఫోను చెయ్యాలి. ఇదంతా ప్రిన్సిపాల్ సంతకంతో ఆఫీసు ఆర్డరుగా రావాలి. నోటిమాటగా ఉంటే మొదటి వారంలో దాన్ని తప్పేది ప్రిన్సిపాల్ గారే.

ఇక అడిగే లెక్కల్లో చాలావరకు ఒకటే: ఏ సంవత్సరంలో ఎందరు, అమ్మాయిలెందరు, ఎస్సీ, ఎస్టీ, ఎస్‌ఈబీసీలు (సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన తరగతులవారు) ఎందరు. ఒకే పట్టిక పెట్టుకుని ప్రతి నెలా 1న సరిచూసి, పైన ‘ఫలానా తేదీనాటికి’ అని రాయండి. సామ్స్ (ఒడిశా ప్రభుత్వ ఆన్‌లైన్ అడ్మిషన్ల వ్యవస్థ) సంఖ్యకూ ఫీజు రిజిస్టరుకూ తేడా వస్తే ముందు టీసీ తీసుకెళ్లినవారిని చూడండి. తేడాకు కారణం కిందే రాసి ఉంటే పై ఆఫీసు మళ్లీ అడగదు.

ప్రశ్న: తెలంగాణలో ఇంటర్ చదివి మా కాలేజీలో చేరేవారు ఎక్కువ. కరోనాలో స్కాన్ కాపీలు తీసుకుని చేర్చుకున్నాం. అప్పుడు మొదలైన ఆ అలవాటు ఇంకా పోలేదు. అసలు కాగితాలు రాక కొందరి ఫైళ్లు ఆగాయి. తిట్లు మాకు.
– ఆఫీసు సూపరింటెండెంటు, సిరొంచ (మహారాష్ట్ర)

జవాబు: ఒక్కో పేరు ఎదురుగా మూడు గళ్లు వెయ్యండి: మెమో, టీసీ, మైగ్రేషన్ (బోర్డు మారేటప్పుడు పాత బోర్డు ఇచ్చే సర్టిఫికెట్). డిజిలాకర్‌లో (ప్రభుత్వ డిజిటల్ పత్రాల ఖాతాలో) జారీ చేసిన సంస్థే పెట్టిన మెమో అసలుతో సమానం. విద్యార్థి తానే స్కాన్ చేసి ఎక్కించింది మాత్రం కాదు. ఈ తేడా చూడకనే చాలాచోట్ల తప్పు జరుగుతోంది. టీసీ, మైగ్రేషన్ విడిగా తెప్పించాల్సిందే. అవి లేకుండా పాత్రత (విశ్వవిద్యాలయం అర్హత చూసే) ఫైలు కదలదు.

పేర్లు మరో చిక్కు. తెలంగాణ మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉండొచ్చు, మన ఫారం పూర్తి ఇంటిపేరూ తండ్రిపేరూ అడుగుతుంది. ఫోనులో విన్నది విన్నట్టు రాసినవి ఇప్పుడు పట్టుబడుతున్నాయి. పదో తరగతి మెమోను ఆధారం చేసుకుని సరిచెయ్యండి. చివరి సెమిస్టరు ఫారాలకు ముందే ముగించండి. పట్టా అచ్చయ్యాక దిద్దించడం నెలల పని.

ప్రశ్న: మా ఆయన కాలేజీ ఆఫీసులో పెద్ద బాధ్యతలో ఉన్నారు. నిద్ర లేదు, ఊరికే విసుక్కుంటారు, సెలవంటే భయం.
– ఒక గృహిణి, బరంపురం

జవాబు: అమ్మా, ఇది బర్నవుట్ (పని ఒత్తిడితో పూర్తిగా అలిసిపోవడం) కావచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని జబ్బుగా కాక పనికి సంబంధించిన స్థితిగా చూస్తుంది. గుర్తులు మూడు: ఒంట్లో సత్తువ లేకపోవడం, పనిమీద విరక్తి, ఏం చేసినా సరిగా చేయలేకపోతున్నామనిపించడం. నాలుగు రోజులు సెలవు పెట్టించి చూడండి. తేరుకుంటే పనివేళలు సరిచేసుకోవాలి. రెండు వారాలుగా దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం ఉంటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. వెళ్లనంటే టెలీమానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం) నంబరు 14416కు మీరే ఫోను చెయ్యండి. 24 గంటలూ పలుకుతారు, డబ్బు తీసుకోరు. చనిపోవాలన్న మాట ఆయన నోట వస్తే ఒంటరిగా వదలకండి, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఛాతీలో నొప్పి అంటే మాత్రం టెన్షనులే అని సరిపెట్టుకోకుండా వెంటనే ఈసీజీ తీయించండి.