ఆ రికార్డును మళ్లీ ఒకసారి విను

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. చవగ్గా వచ్చిందని కొన్న ఆ ఎల్పీ రికార్డును ఒక్కసారి విని మూలన పడేశావని, అందులో చిటపటలు తప్ప ఏమీ లేవని రాశావు. నువ్వు విన్నది చాలావరకు దుమ్మురా! పాటలు బాగున్నాయో లేదో తర్వాత తేల్చుకుందువుగాని, ముందు దాన్ని కడుగు.

మళ్లీ పెట్టినప్పుడు చెవిపెట్టి చూడు. నిమిషానికి 33⅓ చుట్లంటే ఒక్కో చుట్టుకు 1.8 సెకన్లు. సరిగ్గా ఆ లెక్కన టక్, టక్ మంటుంటే అది గీత, ఎంత కడిగినా పోదు. వేళాపాళా లేకుండా చిటపటలాడుతుంటే మాత్రం అది మురికో, రికార్డు మీద చేరిన స్థిర విద్యుత్తో (స్టాటిక్) అయి ఉంటుంది.

డిస్టిల్డ్ వాటర్‌లో ఒక్క చుక్క లిక్విడ్ సోప్ కలుపు. మెత్తటి బ్రష్‌తో గాడి వెంబడే గుండ్రంగా తుడువు, అడ్డంగా రుద్దకు. మధ్యలో లేబుల్ తడవకుండా చూసుకో. తర్వాత ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో ఇంకోసారి తుడిచి, నీడలో నిలబెట్టి ఆరనివ్వు. ఎండలో పెట్టావా, వంకర తిరిగిపోతుంది. పాత కాగితం కవర్లోకే మళ్లీ తోశావంటే పడ్డ శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరే, లోపలి కవరు కొత్తది వెయ్యి. (ఎప్పుడైనా నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతకాలం రికార్డు దొరికితే దాని జోలికి ఆల్కహాల్ తీసుకెళ్లకు. అవి ఎక్కువగా లక్కతో చేసినవి, కరిగిపోతాయి.)

ఇక ముల్లు సంగతి. రికార్డు మీద ముల్లు మోపే బరువు తగ్గిస్తే రికార్డు అరగదని చాలామంది అనుకుంటారు. నిజానికి మరీ తేలికైతే ముల్లు గాడిలో కుదురుగా ఉండదు, ఎగిరెగిరి పడి గోడల్ని గీరేస్తుంది. కార్ట్‌రిడ్జ్ (ముల్లును పట్టి ఉంచే భాగం) కంపెనీవాళ్లు చెప్పిన బరువే పెట్టు, చాలావాటికి అది 2 గ్రాముల దగ్గర్లో ఉంటుంది.

చివరి పాటలో గొంతు బొంగురుపోయిందన్నావు కదా, పాపం పాడినవాళ్లను అనకు. రికార్డు బయటి అంచున సెకనుకు దాదాపు 50 సెంటీమీటర్ల గాడి ముల్లు కింద నుంచి సాగిపోతుంది. లోపలికి వచ్చేసరికి అది 20 దగ్గరకు పడిపోతుంది. అంత ధ్వనీ అంత తక్కువ జాగాలో ఇరుక్కోవాలి, అరిగిన ముల్లు ఆ మలుపుల్ని అందుకోలేదు. అందుకే హోరెత్తే పాటల్ని మొదట్లో పెట్టి, నెమ్మదైనవి చివరికి సర్దేవాళ్లు చాలామంది ఉండేవారు. ముల్లు మార్చి ఆ పాట మళ్లీ విను.

ఈసారి రెండో వైపుతో మొదలుపెట్టు. పదిమందికీ నచ్చుతుందనుకున్నది మొదటి వైపున పెట్టడం మామూలే. నన్నడిగితే పాడేవాళ్ల అసలు ముచ్చట రెండో వైపునే బయటపడుతుంది. అట్ట వెనక వాయించినవాళ్ల పేర్లుంటే చదువుతూ విను. అది మోనో (రెండు స్పీకర్లలోనూ ఒకే ధ్వని వచ్చే) రికార్డైతే, నీ ఆంప్లిఫయర్‌లో మోనో బటన్ ఉంటే నొక్కు, సగం రొద అక్కడే తగ్గుతుంది. ఒక్కో వైపు మహా అయితే 20, 25 నిమిషాలు. ఆ కాస్సేపు ఫోన్ పక్క గదిలో పడెయ్.

ఇంత చేశాక కూడా నచ్చలేదనుకో, మొహమాటపడకుండా నాకు పంపించెయ్. అట్ట మీద బొమ్మ బాగుందన్నావుగా.

నీ మామయ్య