కూల్ రూఫ్ ఖర్చు ఎవరి నెత్తిన? (పాఠకుల ప్రశ్నలు, జవాబులు)

ప్ర: మాకు పానగల్ దగ్గర 220 గజాల్లో జీ ప్లస్ టూ ఇల్లు ఉంది. కింద మేముంటాం, పైవి రెండు కిరాయికిచ్చినం. మొన్న ఒకాయన వచ్చి కొత్త చట్టం వచ్చింది, ఎనర్జీ సర్టిఫికెట్ లేకుంటే ఇక కిరాయికి ఇయ్యరాదు, అమ్మరాదు, 18 వేలిస్తే నేనే చేయించి పెడతా అన్నడు. మా ఆయన అడ్వాన్స్ ఇద్దామంటున్నడు. ఇయ్యాల్నా? (నల్లగొండ, పేరు వద్దన్నారు)

జ: ఒక్క రూపాయి కూడా ఇవ్వకండమ్మా. ఆయన చెప్పినదాంట్లో పావు వంతు నిజం ఉంది, అందుకే మీకు టెన్షన్ పట్టుకుంది. 2001 నాటి ఇంధన పొదుపు చట్టాన్ని కేంద్రం 2022లో సవరించింది, అది 2023 జనవరి 1 నుంచి అమల్లో ఉంది, అంతకుముందు ఆఫీసులు, మాల్స్ లాంటి వాటికే ఉన్న బిల్డింగ్ కోడ్ (కరెంటు ఆదా అయ్యేలా కట్టాలనే నిబంధనలు) కిందికి నివాస భవనాలను కూడా తెచ్చారు. అయితే అందులో పెట్టిన హద్దు కనెక్టెడ్ లోడ్ (కరెంటు పరికరాలన్నీ కలిపిన సామర్థ్యం) 100 కిలోవాట్లు, ఆపైన. మీ కరెంటు బిల్లు తీసి లోడ్ అని రాసినచోట చూడండి, 2 అనో 3 అనో ఉంటుంది, ఏసీ ఉంటే 5. మూడు పోర్షన్లు కలిపినా 15 దాటడం కష్టం. వంద కిలోవాట్లంటే పెద్ద అపార్ట్‌మెంట్ల సంగతి. ఆ హద్దును తగ్గించుకునే అధికారం రాష్ట్రాలకు ఉంది, అది వేరే మాట. ఇళ్ల కోసమే 2018లో తెచ్చిన ‘ఎకో నివాస్ సంహిత’ కూడా 500 చదరపు మీటర్లు, అంటే దాదాపు 600 గజాలు, అంతకు మించిన స్థలాల్లో కొత్తగా కట్టే ఇళ్లను ఉద్దేశించి రాసిందే. మన తెలంగాణ 2023 ఏప్రిల్‌లో ప్రకటించిన కూల్ రూఫ్ (ఎండను వెనక్కి కొట్టే పైకప్పు) పాలసీ కూడా గీత అక్కడే గీసింది: 600 గజాలు, ఆపైన స్థలంలో కట్టే ఇళ్లకు తప్పనిసరి, ఆ లోపు వాళ్లకు వాళ్ల ఇష్టం.

ఇదివరకే కట్టుకున్న ఇల్లు కిరాయికివ్వడానికి ఎనర్జీ సర్టిఫికెట్ చూపించాలనే రూల్ మన దగ్గర లేదు. మళ్లీ వస్తే ఏ జీవో, నంబరెంత, కాగితం చూపించమని అడగండి. రాడు లెండి.

ఆ డబ్బు చేతిలో ఉంటే మాత్రం స్లాబ్ మీద పెట్టండి. నల్లగొండ ఎండల్లో పై పోర్షన్ వాళ్లు పడే బాధ మీకు కింద ఉంటే తెలియదు. కూల్ పెయింట్ కొనేటప్పుడు డబ్బా మీద ఎస్‌ఆర్‌ఐ ఎంతో చూడండి, నల్లటి ఉపరితలానికి సున్నా, తెల్లదానికి వంద అనే లెక్కలో కొలుస్తారు, ఎంత ఎక్కువుంటే ఎండను అంత వెనక్కి కొడుతుంది. అంత పెట్టలేమంటే సున్నం కొట్టించండి. ఏటా ఎండాకాలం ముందు మళ్లీ కొట్టించాలి, కానీ ఖర్చు చాలా తక్కువ.

ప్ర: మేము రెండో అంతస్తులో కిరాయికి ఉంటాం. ఓనర్ స్లాబ్‌కు కూల్ పెయింట్ వేయించి 35 వేలైంది, మీ కోసమే కదా అని నెలకు 800 కిరాయి పెంచాడు. పైగా మూడు పోర్షన్లకూ ఒకటే మీటరు, సబ్ మీటర్లు పెట్టి యూనిట్‌కు 10 రూపాయలు తీసుకుంటాడు. ఇదేం న్యాయం సార్? (మహబూబ్‌నగర్ న్యూటౌన్ నుంచి ఒక ప్రైవేటు టీచర్)

జ: మీరు పెయింట్ గురించి అడిగారు, అసలు దెబ్బ మీటరు దగ్గర తగులుతోంది.

ముందు పెయింట్. నెలకు 800 అంటే ఏడాదికి 9,600. నాలుగేళ్లు తిరక్కముందే ఆయన పెట్టుబడి వచ్చేస్తుంది, ఆ తర్వాత కూడా కిరాయి తగ్గదు. మీకు ఇల్లు కొంచెం చల్లబడుతుంది, నిజమే, అయితే వాన నీళ్లు దిగకుండా ఆయన స్లాబ్ కూడా బాగుంటుంది కదా. అందుకని మొత్తం మీ నెత్తిన వేయడం నాకు నచ్చలేదు. అట్లని ఓనర్ అంతా భరించి కరెంటు ఆదా మొత్తం మీరు తీసుకోవడం కూడా కుదరదు, అలాగైతే రేపు ఏ ఓనరూ బ్రష్ పట్టుకోడు. నాకైతే సగం సగం సబబు అనిపిస్తుంది: నెలకు 400, అదీ నాలుగేళ్లకే, అగ్రిమెంట్‌లో రాసుకుని.

ఇక మీటరు. మూడు ఇళ్లూ కలిపి నెలకు 500 యూనిట్లు కాలుస్తారనుకుందాం. టారిఫ్ ప్రకారం 200 దాటితే మొదటి 200 యూనిట్లకు 5.10 చొప్పున, తర్వాతి వందకు 7.70, ఆ తర్వాతి వందకు 9, ఆపైన 800 వరకు 9.50. లెక్కేస్తే 3,640 రూపాయలు. పదేసి రూపాయల చొప్పున వసూలయ్యేది 5,000. ఫిక్స్‌డ్ చార్జీలు, సుంకం కలిపినా ఆ తేడా అంత రాదు. అంతకంటే పెద్ద నష్టం గృహజ్యోతి. 200 యూనిట్ల లోపు వాడే రేషన్ కార్డు ఉన్న ఇంటికి 2024 మార్చి నుంచి జీరో బిల్లు వస్తోంది, కిరాయికి ఉన్నవాళ్లకు కూడా. ఒకే మీటరు మీద ముగ్గురూ కలిసి 200 దాటడంతో ఎవ్వరికీ రాదు. ఏ పోర్షన్‌కు ఆ పోర్షన్ వేరే సర్వీసు తీసుకోమని ఓనర్‌ను అడగండి, కనెక్షన్ ఖర్చులో కొంత మీరే పెట్టుకున్నా లాభమే.

వేరే మీటరు వచ్చాక వాడకం నెలకు 230 యూనిట్ల దగ్గర ఆగుతోందనుకోండి, ఫ్యాన్లు చూడండి. పాత ఫ్యాన్ 75 వాట్లు, రోజుకు 18 గంటలు తిరిగితే నెలకు 40 యూనిట్లు. బీఎల్‌డీసీ ఫ్యాన్ (తక్కువ కరెంటుతో తిరిగే మోటారుది) 30 వాట్లే, నెలకు 16 యూనిట్లు. రెండు మార్చితే 48 మిగిలి 182కు వస్తారు. 230కి ఎనర్జీ చార్జీలే 1,251 రూపాయలు, 182కి, కార్డు ఉంటే, సున్నా. ఫ్యాన్లు మీవి, ఇల్లు మారితే విప్పుకుని పోవచ్చు.

ప్ర: పెయింట్ ఎందుకు, సోలార్ పెట్టించుకుంటే సరిపోదా? (సూర్యాపేట)

జ: నెలకు 300, 400 యూనిట్లు కాల్చే సొంతిల్లు అయితే పెట్టించుకోండి, కేంద్రం సోలార్ పథకం పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకు 78 వేల సబ్సిడీ ఉంది, కింద పడే నీడ అదనం. మీకు ఇప్పటికే జీరో బిల్లు వస్తుంటే మాత్రం అప్పు చేసి పెట్టించడం వృథా.

ప్ర: మా బిడ్డ, అల్లుడు ఇంగ్లండ్‌లో లెస్టర్‌లో పాత ఇల్లు కొని కిరాయికిచ్చారు. అక్కడ గ్రేడు బాగలేదని లక్షల్లో ఖర్చు వస్తోందట. నిజమా, ఎవరైనా మోసం చేస్తున్నారా? (మిర్యాలగూడ నుంచి ఒక తల్లి)

జ: అమ్మా, అక్కడ ఇది నిజంగానే ఉంది. ఇంధనం ఎంత ఆదా అవుతుందో చూసి అక్కడి ఇళ్లకు ‘ఎ’ (అన్నిటికంటే మంచిది) నుంచి ‘జి’ వరకు గ్రేడు ఇస్తారు, సర్టిఫికెట్ పదేళ్లు చెల్లుతుంది. ‘ఇ’ కంటే కింద ఉన్న ఇంటిని 2018 ఏప్రిల్ నుంచి కొత్తగా కిరాయికి ఇవ్వడానికి లేదు, 2020 ఏప్రిల్ నుంచి పాత కిరాయిదారు ఉన్నా అదే రూల్. ఆ ‘ఇ’ కోసం ఓనర్ పెట్టాల్సింది గరిష్ఠంగా 3,500 పౌండ్లు, అంత పెట్టినా గ్రేడు రాకపోతే మినహాయింపు నమోదు చేసుకోవచ్చు, చేసుకోకుండా కిరాయికిస్తే జరిమానా పడుతుంది. 2030 నాటికి ‘సి’ కావాలన్న మాట కూడా నడుస్తోంది, అప్పుడు ఖర్చు ఇంకా పెరుగుతుంది. వాళ్ల బాధ చలి, ఇంట్లో వేడి బయటికి పోకుండా అటకలో దళసరిగా ఇన్సులేషన్ పరుస్తారు. అల్లుడు గారిని ముందు ఆ సర్టిఫికెట్ చదవమనండి, ఏ పని చేస్తే గ్రేడు ఎంత పెరుగుతుందో అందులోనే రాసి ఉంటుంది, కాంట్రాక్టర్ చెప్పినవన్నీ చేయించనక్కర్లేదు.

ప్ర: దేవరకొండలో 150 గజాల్లో ఇల్లు మొదలుపెడుతున్నం. చల్లగా ఉండాలంటే బడ్జెట్ డబల్ అవుతదని మేస్త్రీ అంటున్నడు.

జ: డబల్ ఎందుకవుతుంది? అన్ని గోడలకూ ఖరీదైన ఇటుక అడిగితే పెరుగుతుంది. పడమటి గోడ ఒక్కటి తొమ్మిది అంగుళాలు పెట్టండి, లేదా అక్కడి వరకు తేలిక సిమెంటు బ్లాకులు వాడండి, లోపలి గోడలకు ఏ ఇటుకైనా పర్వాలేదు. పడమర, దక్షిణం కిటికీల మీద రెండడుగుల సజ్జ వేయించండి, ఈమధ్య ఎలివేషన్ పేరుతో సజ్జలు తీసేసి గ్లాసు పెడుతున్నారు, మన ఎండకు అదేం తెలివో నాకు అర్థం కాదు. మిగిలేది స్లాబ్. ఎకో నివాస్ సంహిత పైకప్పుకు పెట్టిన హద్దు 1.2 యూ వాల్యూ (వేడి ఎంత లోపలికి దిగుతుందో చెప్పే కొలత, తక్కువుంటే మంచిది), ఉత్త స్లాబ్ దానికి రెండింతలకు పైగా వేడిని లోపలికి దింపుతుంది. వాటర్ ప్రూఫింగ్ ఎలాగూ చేయిస్తారు కదా, దాని మీదే తెల్ల టైల్స్ ముక్కలు పరిపించండి, షాపుల్లో పగిలినవి చవకగా దొరుకుతాయి. తెలుపు ఎండను వెనక్కి కొడుతుంది గానీ స్లాబ్‌లోంచి దిగే వేడిని ఆపదు, దానికి వాటర్ ప్రూఫింగ్ కింద ఇన్సులేషన్ షీట్లు వేయాలి, ఇప్పుడు పైసల్లేకపోతే వదిలేయండి. నీళ్ల వాలు మాత్రం టైల్స్ వేయకముందే బకెట్ నీళ్లు పోసి చూడండి. ఒకసారి అతికించాక సరిచేయాలంటే మళ్లీ అంతా పగలగొట్టాల్సిందే.