నోచుకోని సినిమా, గుజ్జు సినిమా

సందేహం: 1994లో వచ్చిన ‘ది షాడో’ అనే ఇంగ్లీషు సినిమా అంటే నాకు ప్రాణం. దాని గురించి రాస్తూ ‘ఇది తక్కువ అంచనా వేయబడిన ఒక గొప్ప గుజ్జు సినిమా’ అన్నాను. మాది చిత్తూరు. చదివినవాళ్లు తోతాపురి మామిడి మీద తీసిన సినిమానా అని అడిగారు. అండర్‌రేటెడ్, పల్ప్ అనే మాటలకు సరైన తెలుగు ఏది? సినిమా పేరును ‘నీడ’ అని రాయవచ్చా?

సమాధానం: ఆ సినిమా నాకూ ఇష్టమేనండీ. తిరుపతిలో ఒక రాత్రి కేబుల్ టీవీలో సగం నుంచి చూశాను, మొదటి సగం ఏమై ఉంటుందా అని చాలా రోజులు ఆలోచించాను. కాబట్టి మీ సందేహానికి మామూలుకన్నా కొంచెం పొడుగ్గానే జవాబు రాస్తున్నాను.

ముందు ‘వేయబడిన’ తీసేయండి. వ్యాకరణం ప్రకారం తప్పని అనను గానీ అది మన నోటికి వచ్చే వాక్యం కాదు, అన్నం తినబడింది అని ఏ ఇంట్లోనూ అనరు. కనబడు, వినబడు మనం రోజూ అంటాం కదా అంటారేమో, అవి వేరు. ‘నాకు కనబడింది’ అంటాం తప్ప ‘నా చేత కనబడింది’ అనం.

‘తక్కువ అంచనా’ కూడా ఇక్కడ కుదరదు. అంచనా అనేది ఇంకా తేలని దాని మీద వేసేది. మ్యాచ్‌కు ముందు అవతలి జట్టును తక్కువ అంచనా వేస్తాం, సినిమా విడుదలకు ముందు అంచనాలు పెరిగాయంటాం. వచ్చి ముప్పై ఏళ్లు దాటిన సినిమా మీద అంచనా ఏముంది, చూసినవాళ్లు చూశారు, లెక్క ఎప్పుడో తేలిపోయింది. ఆ లెక్క కూడా చెబుతాను: సుమారు 4 కోట్ల డాలర్లతో తీస్తే ప్రపంచమంతా కలిపి 4.8 కోట్లకు అటూఇటూగా వచ్చాయి, థియేటర్ల వాటా పోతే నిర్మాతకు మిగిలేదేమీ లేదు. ‘ద లయన్ కింగ్’ విరగబడి ఆడుతున్న వేసవిలోనే, జులై మొదట్లో విడుదలైంది పాపం.

మరి ఏమనాలి? ‘చిన్నచూపుకు గురైన’ అంటే చూసినవాళ్ల పొగరు మీదికి పోతుంది మాట. ‘మరుగునపడిన’ అంటే ఒకప్పుడు వెలిగి తర్వాత జనం మర్చిపోయారని అర్థం వస్తుంది, దీనికి ఆ వెలుగే లేదు. నేనైతే ‘ఆదరణకు నోచుకోని’ అంటాను. నోచు అనేది క్రియ, దాని నుంచి వచ్చిందే నోము. ఏ నోము నోచుకుని పుట్టానో అని మన ఆడవాళ్లు అంటుంటారే, ఆ నోచుకోవడమే ఇది. దక్కాల్సింది దక్కలేదని చెబుతూనే ఆ సినిమా పక్కన నిలబడి కాస్త బాధపడే మాట అది. ఇంగ్లీషు మాటలో రేటు ఉంది, మార్కులు వేయడం ఉంది, ఈ బాధ లేదు. మరమ్మతులకు నోచుకోని రోడ్లు అని పేపర్లో రోజూ చదివి చదివి మనం దాని లోతు పట్టించుకోవడం మానేశాం గానీ చాలా మంచి మాట. ఒక్క జాగ్రత్త, ‘ఆదరణ నోచుకోని’ అనకండి, కు ఉండాలి. ఇంకా మామూలుగా కావాలంటే ‘రావాల్సినంత పేరు రాని సినిమా’ అనండి, అదీ బాగుంటుంది. మా వైపు పెద్దవాళ్లయితే ‘మంచి సినిమానే గానీ దానికి యోగం లేకపాయె’ అని తేల్చేస్తారు, అర్థం సరిగ్గా అదే.

ఇక గుజ్జు. మీ మిత్రులు మామిడిపండ్ల దగ్గరికి వెళ్లడంలో వింతేమీ లేదు, చిత్తూరులో పల్ప్ అనగానే ఎవరికైనా గుర్తొచ్చేది ఫ్యాక్టరీ గేటు ముందు మామిడికాయల ట్రాక్టర్ల వరసే. ఇంగ్లీషులోనూ అది గుజ్జే, కాకపోతే కొయ్య గుజ్జు. కొయ్యను గుజ్జు చేసి తీసిన గరుకు కాగితం చవక, త్వరగా పసుపుపచ్చగా మారిపోతుంది. అమెరికాలో 1896లో ‘ఆర్గొసీ’ పత్రిక ఆ కాగితం మీద కథలు వేసి చవగ్గా అమ్మింది, దాని వెనకే వందల పత్రికలొచ్చాయి. మన సినిమా హీరో షాడో పుట్టింది మాత్రం కాగితం మీద కాదు, 1930లో రేడియోలో. ఒక డిటెక్టివ్ పత్రిక కథలను వినిపించే వ్యాఖ్యాత గొంతు అది. జనం ఆ గొంతుకే మోజుపడి దుకాణాలకు పోయి ఆ షాడో పుస్తకం కావాలని అడిగితే 1931లో అతని పేరునే పత్రిక పెట్టారు. వాల్టర్ గిబ్సన్ అనే ఆయన మాక్స్‌వెల్ గ్రాంట్ అన్న పేరుతో, మొత్తం 325 నవలల్లో 282 రాశాడు! బ్యాట్‌మన్ 1939లో వచ్చాడు, అతని మొదటి కథకు ఆధారం ఈ షాడో నవలల్లో ఒకటే.

అక్కడ కాగితం పేరే మెల్లగా కథల పేరైంది. మన గుజ్జు ఆ దారిలో నడవలేదు, కాబట్టి ‘గుజ్జు సినిమా’ అంటే ఎవరికీ అర్థం కాదు. మనకు ఆ చోట ఉన్నది డిటెక్టివ్ నవల. అద్దె పుస్తకాల షాపులో తెచ్చుకుని, పక్కవాళ్లు అడిగేలోగా పూర్తిచేసిన కొమ్మూరి సాంబశివరావు యుగంధర్ పుస్తకాలు, మధుబాబు షాడో పుస్తకాలు. ‘పాత డిటెక్టివ్ నవలల బాణీలో తీసిన సూపర్ హీరో సినిమా’ అని రాయండి, చదివేవాళ్లకు ఆ అట్టబొమ్మతో సహా కళ్లముందు కనిపిస్తుంది. ‘చవకబారు’ మాత్రం వద్దు. చవక అంటే ధర సంగతి, చవకబారు అంటే తిట్టు, మీరు ప్రేమగా రాస్తున్నదానికి ఆ మాట తగలకూడదు.

పేరు విషయం. మధుబాబు షాడో గూఢచారి, వేరే మనిషి, కాబట్టి ఒకసారి ‘అమెరికా షాడో’ అని చెప్పి తర్వాత షాడో అనే రాయండి. ‘నీడ’ అని మార్చవద్దని ఎందుకంటున్నానంటే, మన నీడలో చల్లదనం ఎక్కువ. చెట్టు నీడ, నీడపట్టున ఉండడం, గూడూ నీడా లేకపోవడం. ఎండ మండే మన రాయలసీమలో నీడ అంటే భయపడేవాడు ఎవడు? సినిమాలో హీరో మనుషుల మనసుల్ని మబ్బు కమ్మించి మాయమవుతాడు, కానీ గోడ మీద అతని నీడ ఒక్కటి మాయం కాదు. ఆ సంగతి చెప్పేటప్పుడు నీడ అనే రాయండి, పేరు షాడోగా ఉంటేనే రెండూ వేరువేరుగా తెలుస్తాయి.

అతను మొదట మంచివాడు కాదన్నదే నన్ను ఆ సినిమాకు కట్టిపడేసింది. టిబెట్‌లో నల్లమందు ముఠా నాయకుడు, ఒక గురువు ఎత్తుకుపోయి దారిలో పెడతాడు. ఎదుటివాడి గుండెలోని చెడు అతనికి తెలియడం తన గుండెలో అది ఉండబట్టే. వాల్మీకి కథ విని పెరిగిన మనకు ఇది చెప్పక్కర్లేకుండానే ఎక్కుతుంది, ఆ వేషం వేసిన అలెక్ బాల్డ్విన్ మొహంలోనూ ఆ పాత చీకటి పోకుండా ఉంటుంది. జెర్రీ గోల్డ్‌స్మిత్ సంగీతం గురించి మీరు విడిగా రాయాలని నా కోరిక.

మీ వాక్యం ఇలా మార్చి చూడండి: ‘పాత డిటెక్టివ్ నవలల బాణీలో తీసిన ఈ సినిమా మంచిదై ఉండీ ఆదరణకు నోచుకోలేదు.’ న్యూయార్క్ నడిబొడ్డున ఉన్న పెద్ద హోటల్‌ను విలన్ జనం మనసుల్లోంచి చెరిపేస్తే, అందరూ అది ఖాళీ జాగా అనుకుని పక్కనుంచి నడిచిపోతుంటారు కదా, ఆ సన్నివేశం కూడా మీరు తప్పకుండా రాస్తారని అనుకుంటున్నాను. అక్కడ ‘ఎవరికీ కనబడని హోటల్’ అని రాయండి. ‘వేయబడిన’ తీసేయమన్నానని ఆ ‘బడు’ను తీసేయకండి.