రోమ్‌లో జెలాటో తినే ముందు

చిరంజీవి అమ్మలుకు పెద్దమ్మ ఆశీస్సులు.

రోమ్‌లో జెలాటో, అంటే ఇటలీవాళ్ల ఐస్‌క్రీమ్, ఎక్కడ తినాలో చెప్పమని రాశావు. పేర్లు చెప్పడం తేలికే: పాంథియాన్ అనే పురాతన గుడికి దగ్గరలో ఎంతో కాలంగా నడుస్తున్న జోలిట్టి ఉంది, పియాజ్జా విట్టోరియో అనే కూడలి వైపు 1880 నాటి ఫాస్సీ ఉంది. అయితే ఎండలో తిరిగి అలసినవాళ్లు ఎదురుగా కనిపించిన దుకాణంలోకే దూరతారు కాబట్టి, మంచి దుకాణాన్ని గుమ్మంలోంచే పోల్చుకోవడం తెలిసి ఉంటే నీకు ఎక్కువ ఉపయోగం.

ముందుగా పిస్తా రంగు చూడు. అసలైన పిస్తాపప్పు రుబ్బి చేసినది గోధుమ ఛాయ కలిసిన వెలిసిన ఆకుపచ్చగా ఉంటుంది. చిలకపచ్చగా మెరిసిపోతోందంటే రంగు కలిపారన్నమాటే. అరటిపండు జెలాటో కూడా పసుపుగా కాక కాస్త మాసిన తెలుపులో ఉండాలి. పళ్లెం అంచులు దాటి గుట్టలుగా పేర్చిన సరుకు కరగకుండా నిలబడిందంటే, అందులో గాలీ, చిక్కదనానికి కలిపే పొడులూ ఎక్కువని అనుమానించాలి. కొన్ని పాత దుకాణాల్లో జెలాటోను మూతలున్న లోతైన స్టీలు గిన్నెల్లో దాచి ఉంచుతారు. పిల్లలు ఏమీ కనబడలేదని మూతి ముడుచుకుంటారు గానీ, నాకు మాత్రం ఆ మూతలు చూస్తేనే ప్రాణం లేచివస్తుంది.

మామూలు ఐస్‌క్రీమ్ కన్నా జెలాటోలో పాలు ఎక్కువ, మీగడ తక్కువ; గాలి ఎక్కువ చేరకుండా నెమ్మదిగా చిలికి, మరీ గట్టిపడనివ్వకుండా వడ్డిస్తారు కాబట్టి నాలుక మొద్దుబారదు, రుచి వెంటనే తెలుస్తుంది. అంత త్వరగానూ కరుగుతుంది, కాబట్టి ఫోటోల సంగతి తరువాత చూసుకోవచ్చు.

రద్దీ దుకాణాల్లో చాలాచోట్ల ముందు గల్లా దగ్గర కోనా, కప్పా, ఏ సైజో చెప్పి డబ్బు కట్టి, ఆ రసీదుతో కౌంటరు దగ్గరికి వెళ్లి రుచులు చెప్పాలి. అవి ముందే తేల్చుకో, వెనకవాళ్లు ఓపిక పట్టరు. పాలతో చేసినవాటిని ఒక జతగా, పుల్లటి పండ్లవాటిని ఒక జతగా తీసుకోవడమే నాకిష్టం. చాక్లెట్ పక్కన నిమ్మ వేయించుకుంటే రెండూ చెడతాయి. పైన "పన్నా" కావాలా అని అడిగితే సరేనను, అది చిలికిన మీగడ.

మీ అత్తగారు గుడ్డు ముట్టరు కనుక ఈ మాట ముఖ్యం. క్రేమా, జబాయోనే అనే రుచుల్లో గుడ్డు సొన ఉంటుంది; జబాయోనేలో మార్సాలా వైన్, మలాగా అనే ఎండుద్రాక్ష రుచిలో రమ్ కూడా కలుస్తాయి. పండ్ల సోర్బెట్టో సాధారణంగా పండు, నీళ్లు, చక్కెరలతోనే చేస్తారు. అయినా "సెంజా ఉవోవా?" (గుడ్డు లేనిదేనా?) అని అడుగు, గుడ్డు, పాలు, గింజలు ఉన్నవీ లేనివీ చెప్పడం ఐరోపా నిబంధనల ప్రకారం దుకాణదారు బాధ్యత. ఆవిడకు కోను కాక కప్పే తీసుకో, చెంచా వేరేది వాడమని కూడా చెప్పు.

కేఫేలో కౌంటరు దగ్గర నిలబడి తాగే కాఫీకి ఒక ధర, బల్ల దగ్గర కూర్చుంటే అంతకన్నా ఎక్కువ ధర ఉంటుంది. ఆవిడ మోకాళ్ల కోసం ఒక పూటైనా కూర్చోక తప్పదు. కూర్చునే ముందు ధరల పట్టిక చూసుకుని, జెలాటోపై వేడి ఎస్ప్రెసో కాఫీ పోసి ఇచ్చే అఫోగాటో మీ ఆయనకు చెప్పు.

ఇట్లు,
మీ పెద్దమ్మ