చెరువు గట్టున పిచ్చి అక్షరాలు

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లెటూరు. రొయ్యల చెరువులు చేస్తాను. మా అమ్మాయి ఈసీఈ మూడో సంవత్సరం. చెరువు నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో ఫోన్‌కి పంపే పరికరం తయారుచేసింది. కాలేజీ ల్యాబులో రెండు వారాలు బాగానే పనిచేసింది. వేసవి సెలవుల్లో గట్టు మీద షెడ్డులో పెడితే మధ్యాహ్నానికల్లా అంకెల బదులు ఏవో పిచ్చి అక్షరాలు వస్తున్నాయి. చిప్ లోపలి ఆసిలేటర్ (చిప్‌కి గడియారంలా టిక్కు కొట్టే భాగం) వల్లే అంటుంది. నెల రోజులుగా దాంతోనే కుస్తీ. తోటి పిల్లలు జావా, పైథాన్ నేర్చుకుని ప్లేస్‌మెంట్లకి తయారవుతున్నారు. ఈ ఎంబెడెడ్ (పరికరాల్లోని చిప్‌లకి ప్రోగ్రాములు రాసే) పిచ్చి మాన్పించమంటారా? తను రాసిన కోడ్ కూడా పంపుతున్నాను.

జవాబు: మాన్పించకండి. నేను ఈ సలహాల పనిలోకి రాకముందు కొన్నేళ్లు ఎంబెడెడ్ కంపెనీల్లో పనిచేశాను, ఇంటర్వ్యూలు చేశాను. మీ అమ్మాయి ఇప్పుడు చిక్కుకున్న చోటే ఆ ఉద్యోగం అసలు మొదలవుతుంది. కోడ్ చూశాను. తప్పు ఎక్కడుందో తను సరిగ్గానే పట్టింది, సగం వరకు. మిగతా సగం నేను చెబుతాను, తనకి చదివి వినిపించండి.

చిప్ నుంచి వైఫై మాడ్యూల్‌కి డేటాని ఒక్కో బిట్‌గా (ఒకటి లేదా సున్నా) మోసే సీరియల్ తీగలో, దాంతో పాటు క్లాక్, అంటే గడియారపు టిక్కు, వెళ్లదు. పంపేవాడు, అందుకునేవాడు ఎవరి గడియారం చూసుకుని వాళ్లు లెక్కపెడతారు. అక్షరం మొదలైందని చెప్పే స్టార్ట్ బిట్ రాగానే అందుకునేవాడు లెక్క మొదలుపెట్టి, ఒక్కో బిట్ నడిమధ్యలో తొంగిచూస్తాడు. ఎనిమిది డేటా బిట్లు దాటి, అక్షరం ముగిసిందని చెప్పే స్టాప్ బిట్ మధ్యకి చేరేసరికి తొమ్మిదిన్నర బిట్ల కాలం గడుస్తుంది. ఆలోగా రెండు గడియారాల తేడా అర బిట్ దాటితే పక్క బిట్‌ని చదువుతాడు. అంటే రెండింటి మధ్య తేడా ఐదు శాతం ఉన్నా పని చెడినట్టే. అందుకే తను వాడిన ఏటీమెగా 328పీ చిప్ డేటాషీట్ (తయారీదారు ఇచ్చే వివరాల పత్రం), మామూలు మోడ్‌లో తేడా 2 శాతం లోపు, డబుల్ స్పీడ్ మోడ్‌లో 1.5 శాతం లోపు ఉంచుకోమంటుంది. అదే డేటాషీట్‌లో, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన లోపలి ఆసిలేటర్ గురించి ఏముందో చూడమనండి: 3 వోల్టుల దగ్గర, 25 డిగ్రీల దగ్గర, ప్లస్ ఆర్ మైనస్ 10 శాతం. మే నెల మధ్యాహ్నం రేకుల షెడ్డులో 25 డిగ్రీలు ఎక్కడుంటాయండీ!

ఇంకో సంగతి తను గమనించలేదు. వైఫై మాడ్యూల్‌తో సెకనుకి 1,15,200 బిట్ల వేగంతో మాట్లాడిస్తోంది. 8 మెగాహెర్ట్జ్ క్లాక్‌ని పూర్ణ సంఖ్యలతో భాగించి ఆ వేగం తెప్పించడం కుదరదు. డబుల్ స్పీడ్ మోడ్‌లో వచ్చే దగ్గరి వేగం 1,11,111. అంటే ఆసిలేటర్ అక్షరాలా 8 మెగాహెర్ట్జ్ కొట్టినా మూడున్నర శాతం తప్పు ముందే ఉంది. ల్యాబులో ఆ చిప్ కాస్త వేగంగా నడిచి ఆ లోటు పూడ్చి ఉండాలి, లేదా అంచు మీద నిలబడి ఉండాలి. ఎండకి కాస్త కదిలింది, పడిపోయింది.

మాడ్యూల్‌ని ఏటీ కమాండ్‌తో (దాని సెట్టింగులు మార్చే ఆదేశం) 9600కి దించమనండి. అప్పుడు 8 మెగాహెర్ట్జ్‌ని 16తో, మళ్లీ 52తో భాగిస్తే 9,615 వస్తుంది. తప్పు 0.2 శాతం లోపే. నిమిషానికోసారి నాలుగు అంకెలు పంపే పరికరానికి అంతకన్నా వేగం దేనికి? లెక్కలో తప్పు పోయింది కాబట్టి ఉన్న వెసులుబాటంతా ఆసిలేటర్‌కే మిగులుతుంది.

ఆ తర్వాత కొలవాలి. ఇంగ్లీషు యు అక్షరాన్ని ఆగకుండా పంపితే తీగ మీద ఒకటి, సున్నా వంతులేసుకుని చక్కటి చదరపు అల వస్తుంది. 9600 దగ్గర అది 4,800 హెర్ట్జ్ ఉండాలి. ఆసిలోస్కోప్‌లోనో, చిన్న లాజిక్ అనలైజర్‌తోనో చూస్తే 48 హెర్ట్జ్ తేడాకి ఒక శాతం తప్పు. ఆసిలేటర్ వేగాన్ని దిద్దే ఆస్‌క్యాల్ రిజిస్టర్ విలువని ఒక్కో మెట్టు మార్చుకుంటూ దగ్గరికి తెచ్చి, ఆ విలువని పవర్ పోయినా చెరగని ఈఈప్రామ్ మెమరీలో దాచి, పవర్ ఆన్ అయినప్పుడల్లా మళ్లీ రిజిస్టర్‌లో వేయాలి. ఒక వోల్టేజీ, ఒక ఉష్ణోగ్రత దగ్గర ఇలా ఒక శాతం లోపుకి తేవచ్చు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు, తగ్గాక, ఇలా కొలిచి పట్టిక రాయాలి. ప్రతి మెసేజీ చివర సీఆర్‌సీ (మెసేజీ చెడిందో లేదో సరిచూసే అంకె) కూడా పెట్టమనండి. అది గడియారాన్ని సరిచేయదు గానీ తప్పు అంకెని దాదాపు ఎప్పుడూ పట్టేస్తుంది. ఆక్సిజన్ 2 ఉంటే 6 అని చూపించి ఏరేటర్లు ఆపించే పరికరం ఎంత ప్రమాదమో నాకంటే మీకే బాగా తెలుసు.

‘బయట నికరమైన గడియారంగా క్రిస్టల్ ఒకటి పెడితే పోయేదిగా’ అని ఎవరైనా అనొచ్చు. నిజమే. ఆ పట్టికలో మధ్యాహ్నం తేడా 2 శాతం దాటితే పెట్టాల్సిందే, అందులో చిన్నతనం లేదు. కానీ ఎక్కడ పెట్టాలి, ఎక్కడ అక్కర్లేదు అన్నది కొలిచి చెప్పగలగడమే ఇంజినీరు పని. కార్లలో అద్దాలు దింపడం లాంటి పనులకి వాడే లిన్ బస్ అనే తీగల వ్యవస్థలో నోడ్లు, అంటే దానికి తగిలించిన చిన్న పరికరాలు, చాలావరకు క్రిస్టల్ లేని ఆర్‌సీ ఆసిలేటర్‌తోనే నడుస్తాయి. ప్రతి సందేశం ముందూ మాస్టర్, అంటే వాటిని నడిపించే పరికరం, హెక్స్ 55 అనే బిట్ల వరుస పంపుతుంది. అదే మన యు అక్షరం! దాన్ని చూసి నోడ్లు తమ గడియారం దిద్దుకుంటాయి. దిద్దుకునే ముందు 14 శాతం తేడా ఉన్నా ఆ ప్రమాణం ఒప్పుకుంటుంది. మీ అమ్మాయి ఈ సంగతి చదివితే నెల రోజుల కుస్తీ ఎందుకు పనికొస్తుందో తనకే అర్థమవుతుంది.

ఇక మీ భయం. క్యాంపస్‌కి వచ్చే ఉద్యోగాల్లో సాఫ్ట్‌వేర్‌వే ఎక్కువ, ఎంబెడెడ్‌వి తక్కువ. మొదటి జీతం కూడా తక్కువ ఉండొచ్చు. దాచను. అందుకని ఆప్టిట్యూడ్, కోడింగ్ పరీక్షలకి రోజూ ఒక గంట కేటాయించమనండి, ఆ తలుపు మూసుకోవద్దు. కానీ సీ భాష మాత్రం లోతుగా ఉండాలి. డిగ్రీ అయ్యాక అవసరమనిపిస్తే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ వాళ్ల ఎంబెడెడ్ పీజీ డిప్లొమా ఉంది, దాదాపు ఆరు నెలలు, సీ-క్యాట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి, హైదరాబాద్‌లోనూ ఉంది. గ్యారంటీ ప్లేస్‌మెంట్ అని బోర్డు కనిపించిన చోటల్లా ఫీజు కట్టకండి.

ఇంటర్వ్యూల్లో పిల్లలు ప్రాజెక్టు పేరు గడగడా చెప్పేవారు. ‘ఎక్కడ చెడింది? ఎలా కనుక్కున్నావు?’ అంటే చాలామంది నేల చూపులు చూసేవారు. మీ అమ్మాయి దగ్గర దానికి జవాబుంది, చేత్తో కొలిచిన పట్టిక కూడా ఉండబోతోంది. కాలేజీ నుంచి లాజిక్ అనలైజర్ తెచ్చుకుని, సెలవులు అయ్యేలోపు ఒక మధ్యాహ్నం రెండింటికి మీ షెడ్డులోనే కొలవమనండి. ఆ అంకె నాకూ రాసి పంపండి, మిగతాది చూసి చెబుతాను.