సెక్రటరీ గారింట్లో ఉన్న పాత ఫుట్‌బాల్ క్లబ్బు కప్పులు అమ్మేస్తున్నారు, ఆపొచ్చా? – మా క్లబ్బుకి జరిగింది చెప్తా

మీ నాన్నగారు ఆడిన క్లబ్బు ఎప్పుడో మూతపడింది, కప్పులు ఫోటోలు అన్నీ చనిపోయిన సెక్రటరీ గారింట్లోనే ఉండిపోయాయి, ఇప్పుడు వాళ్ళబ్బాయిలు యాంటిక్ డీలర్‌కి బేరం పెట్టారు, కోర్టుకెళ్ళి ఆపొచ్చా అని కదా మీ ప్రశ్న. కొన్నిటిని ఆపొచ్చు, అన్నిటినీ ఆపలేరు. నా మాట వింటే అమ్మకం ఆపడం మీద పెట్టే బలం అంతా సామాను చెల్లాచెదురు కాకుండా చూడటం మీద పెట్టండి, ఎందుకంటే అమ్ముడుపోయినా అంతా ఒక్కచోట ఉంటే ఎప్పటికైనా దొరుకుతుంది, పదిమంది చేతుల్లోకి పోతే ఇక అంతే.

మాది సికింద్రాబాద్ వైపు చిన్న క్లబ్బు, మా పెద్దమామ అందులో రైట్ హాఫ్ ఆడేవాడు. సెక్రటరీ గారు పోయాక వాళ్ళు పాత ఇల్లు డెవలప్‌మెంట్‌కి ఇచ్చి అపార్ట్‌మెంట్‌లోకి మారుతున్నారు, పెట్టెలు పెట్టడానికి చోటు లేదు, అందులో తప్పేముంది చెప్పండి, నలభై ఏళ్ళు ఎవ్వడూ అద్దె ఇవ్వకుండా వాళ్ళింట్లో దాచారు. మా గుంపులో ఒకాయన మొదటిరోజే ఫోన్ చేసి కేసు పెడతాం అన్నాడు, దాంతో ఆ పెద్దబ్బాయి మా ఎవరి ఫోనూ ఎత్తడం మానేశాడు. చివరికి మామ వెళ్ళి వాళ్ళమ్మగారితో "వదినా, అమ్ముకుంటే అమ్ముకోండి, ముందు ఒక్కసారి చూసుకుని ఫోటోలు తీసుకుంటాం" అన్నాడు, ఆవిడ టీ పెట్టించి పెట్టెలు తెరిపించింది. మీరూ పెద్దవాళ్ళని పట్టుకోండి, పిల్లల్ని కాదు.

ఇక ఎవరి సొత్తు అన్న సంగతి. అంతా క్లబ్బుదే అనుకుంటాం గానీ పెట్టెలో మూడు రకాలు కలిసిపోయి ఉంటాయి. ఆటగాడి పేరు మీద ఇచ్చిన మెడల్, బ్లేజర్ లాంటివి ఆ మనిషివి, తర్వాత వాళ్ళ వారసులవి, వాటిని అమ్ముకునే హక్కు ఆ వారసులకుంది. క్లబ్బు గెలిచిన కప్పు, క్లబ్బు డబ్బుతో కొన్న ఆల్బమ్, మీటింగుల సంగతులు రాసే మినిట్స్ పుస్తకం క్లబ్బువి, క్లబ్బు రిజిస్టర్డ్ సొసైటీ అయితే అవి సొసైటీ ఆస్తి, సెక్రటరీ దగ్గర ఉన్నంత మాత్రాన ఆయనవి అయిపోవు. మూడోది రోలింగ్ షీల్డ్, కింద చిన్న చిన్న పలకల మీద ఏడాదికో టీమ్ పేరు చెక్కి ఉంటుంది చూడండి, అది సాధారణంగా అసలు క్లబ్బుది కూడా కాదు, టోర్నమెంట్ పెట్టినవాళ్ళది. మా దగ్గర ఉన్న పెద్ద షీల్డ్ అదే. ఈ సంగతి చెప్పగానే డీలరే వెనక్కి తగ్గాడు, తగాదా ఉన్న సరుకు వాళ్ళకి వద్దు. కాబట్టి సొసైటీ రిజిస్ట్రేషన్ కాగితం ఎక్కడైనా ఉందేమో ముందు వెతకండి, అది దొరికితే లాయర్ నోటీసుకీ ఇంజంక్షన్‌కీ, అంటే అమ్మకుండా కోర్టు ఇచ్చే స్టేకీ, బలం ఉంటుంది. లేకపోతే చాలావరకు బతిమాలుకోవడమే.

పురావస్తువుల చట్టం కింద ఆపొచ్చని మీకెవరో చెప్పారన్నారు. 1972 నాటి ఆ చట్టంలో మామూలు వస్తువుకి కనీసం 100 ఏళ్ళు నిండాలి, చారిత్రక విలువున్న రాతప్రతులు, రికార్డులకైతే 75 ఏళ్ళు. అంటే 1950ల కప్పు దాని కిందకి రాదు, 1950కి ముందు మినిట్స్ పుస్తకం దొరికితే దాని గురించి అడిగి చూడొచ్చు. అది కూడా ముఖ్యంగా దేశం దాటించకుండా ఆపడానికి, పక్కవీధి డీలర్‌కి అమ్మకుండా ఆపడానికి కాదు.

అమ్మకం అనగానే గుండె బాదుకోవద్దు అని ఎందుకంటున్నానంటే ఇంగ్లండ్‌లో జరిగినవి చూడండి. ప్రపంచంలో అన్నిటికన్నా పాత క్లబ్బు షెఫీల్డ్ ఎఫ్‌సీ, 1857లో పుట్టింది, వాళ్ళ చేతిరాత రూల్స్‌ని 2011లో వేలంలో 8,81,250 పౌండ్లకి అమ్మేసింది ఎవరో దొంగ కాదు, డబ్బు అవసరమై క్లబ్బే. ఇంకోపక్క 1896 నుంచి 1910 దాకా ఇచ్చిన ఎఫ్ఏ కప్పుని (ఇంగ్లండ్ క్లబ్బుల పాత పెద్ద టోర్నమెంట్ అది) 2005లో డేవిడ్ గోల్డ్ అనే క్లబ్బు ఓనర్ కొన్నాడు, 2020లో అది మళ్ళీ వేలానికొస్తే 7,60,000 పౌండ్లకి మాంచెస్టర్ సిటీ ఓనర్ షేక్ మన్సూర్ కొని అక్కడి నేషనల్ ఫుట్‌బాల్ మ్యూజియంకే చూపించడానికి ఇచ్చాడు. సిటీ వాళ్ళు 1904లో గెలిచింది ఆ కప్పునే. రెండుసార్లూ కొన్నది ప్రైవేటు మనుషులే, అయినా జనానికి దక్కింది. మనకి షేక్‌లు లేరు సరే, కానీ ఊళ్ళో ఆ టీమ్‌కి ఆడినవాళ్ళ పిల్లలు అమెరికాలోనో బెంగళూరులోనో ఉంటారు, మాకు డబ్బు అక్కణ్ణించే వచ్చింది. డీలర్ చెప్పిన రేటులో కొంత ఆ కుటుంబానికి ఇచ్చాం, ఉచితంగా ఇచ్చేయమని అడగలేదు, అడగకూడదు కూడా.

అసలు విలువ కప్పులో లేదన్నా. డీలర్ కప్పులు, జెర్సీలు చూసుకుంటాడు, రిజిస్టర్లు, ఎంట్రీ ఫారాలు, విడి ఫోటోలు మాత్రం పాత సామాన్ల వాడికి తూకానికి పోతాయి. మావి పోయేవే, మూట కట్టి గేటు దగ్గర పెట్టేశారు. మారడోనా 1986 వరల్డ్ కప్పులో ఇంగ్లండ్ మీద రెండో హాఫ్‌లో గోల్స్ కొట్టినప్పటి జెర్సీ 2022లో 71 లక్షల పౌండ్లు పలికింది, అప్పుడు వాళ్ళ కుటుంబం అది ఆ రెండో హాఫ్‌లో వేసుకున్నది కాదని అంటే వేలంవాళ్ళు పాత మ్యాచ్ ఫోటోలతో పోల్చి చూపించి అదే అన్నారు. వస్తువుకి సాక్ష్యం ఫోటోనే. ఇక మన హైదరాబాద్ సంగతి ఇంకా ఘోరం. 1950 నుంచి 1954 దాకా వరసగా 5 సార్లు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పు టోర్నమెంట్ కొట్టిన హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ మనది, ఇండియా టీమ్‌కి 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో 4వ స్థానం, 1962 జకార్తాలో ఏషియన్ గేమ్స్ గోల్డ్ తెచ్చిన కోచ్ రహీం సాబ్ మనవాడు, ఆ టీమ్‌లకి కింద నుంచి పిల్లల్ని తయారు చేసి పంపిన చిన్న క్లబ్బుల లెక్కలు ఎవరి దగ్గరున్నాయి? ఇలాంటి పెట్టెల్లోనే. ఫోటోలో వెనక వరసలో ఉన్నది ఎవరో చెప్పగలిగేవాళ్ళు కూడా తగ్గిపోతున్నారు, రహీం సాబ్ కొడుకు, ఆటగాడు హకీం సాబ్ 2021లో పోయారు, 1962 టీమ్‌లో ఆడిన తులసీదాస్ బలరాం 2023లో. అందుకే కప్పు కన్నా ముందు ఫోటోలు పట్టుకుని ముసలాళ్ళ దగ్గరికి పరిగెత్తండి, వాళ్ళు చెప్పే పేర్లు ఫోటో వెనక మెత్తటి పెన్సిల్‌తో రాయండి, బాల్‌పెన్ వద్దు, ముందుకి అచ్చు పడుతుంది.

చేతికొచ్చాక కప్పుల్ని బ్రాసో పెట్టి తోమకండి దయచేసి, చాలావరకు వెండి పూతే, పూత పోతుంది, చెక్కిన అక్షరాలూ అరిగిపోతాయి. లామినేషన్ అసలే వద్దు. స్కాన్ 600 డీపీఐలో చేయించండి.

ఎక్కడ పెట్టాలన్నది మాకు అన్నిటికన్నా తలనొప్పి అయింది. ఎవరో ఒకరి ఇంట్లో పెడితే ఇరవై ఏళ్ళకి మళ్ళీ ఇదే కథ. ఒక ఆఫీసుకి ఉత్తరం పెడితే జవాబే రాలేదు. గ్రౌండ్ ఉన్న ఒక స్కూల్ వాళ్ళు అద్దాల బీరువా ఇస్తామన్నారు, వాళ్ళకి దానంగా ఇవ్వకుండా చూపించడానికి మాత్రమే ఇస్తున్నామని స్టాంపు పేపర్ మీద రాసుకున్నాం: ఒక్కో వస్తువు ఫోటో, దాని మీద చెక్కిన రాతతో సహా లిస్టు, అమ్మడానికి వీల్లేదు, స్కూల్ మూసేస్తే ముగ్గురు మనుషుల సంతకంతో వెనక్కి. మెడల్స్ కొన్ని మాత్రం ఆ కుటుంబం అమ్మేసింది, అవి వాళ్ళ నాన్నవే, మేం అడ్డు చెప్పలేదు, ముందూ వెనకా ఫోటోలు మాత్రం తీసుకున్నాం.

డీలర్ అడ్వాన్స్ ఇచ్చేశాడా లేదా అన్నది మీ ప్రశ్నలో లేదు, అది ముందు కనుక్కోండి, ఇచ్చి ఉంటే డీలర్‌తోనే కూర్చుని కాగితాల వరకైనా విడిగా అడగండి, వాడికి వాటితో పని ఉండదు. మేం రాసుకున్న అగ్రిమెంట్ కావాలంటే కింద చెప్పండి, పేర్లు తీసేసి పెడతా.